పైథాన్‌లో ఒక లిస్టును మారిస్తే రెండోది కూడా ఎందుకు మారుతోంది?

ప్రశ్న (రెండో_సెమిస్టర్)

నమస్కారం. మాకు మొదటి సెమిస్టర్‌లో సీ భాష చెప్పారు, ఇప్పుడు పైథాన్ నడుస్తోంది. ల్యాబ్‌లో ఇచ్చిన పని చిన్నదే. నలుగురు విద్యార్థుల ఇంటర్నల్ మార్కులను ఒక లిస్టులో ఉంచి, 35 కంటే తక్కువ వచ్చినవారికి 35 వేసి, పాత మార్కులనూ కొత్త మార్కులనూ పక్కపక్కన చూపించాలి. పాతవి చెడిపోకూడదని ముందుగా ఇంకో పేరు పెట్టుకుని, మార్పులన్నీ ఆ కొత్త పేరుతోనే చేశాను. పైథాన్ షెల్‌లో వచ్చింది ఇది:

>>> మార్కులు = [28, 61, 33, 74]
>>> కొత్తవి = మార్కులు
>>> కొత్తవి[0] = 35
>>> మార్కులు
[35, 61, 33, 74]

మార్కులు అనే పేరును నేను ముట్టుకోనే లేదు, అయినా అందులో మొదటి సంఖ్య మారిపోయింది. ఇదే పని మామూలు సంఖ్యలతో చేస్తే మాత్రం నేను అనుకున్నట్టే వస్తోంది:

>>> ఫీజు = 500
>>> పాత_ఫీజు = ఫీజు
>>> ఫీజు = 650
>>> పాత_ఫీజు
500

సంఖ్యలకు ఒక నియమం, లిస్టులకు ఇంకో నియమం ఉందా? మా తరగతిలో కొందరు లిస్టు అంటే పాయింటర్ (మెమరీ చిరునామా) అని, సంఖ్య అంటే విలువ అని గుర్తుపెట్టుకోమంటున్నారు. కానీ అలా గుర్తుపెట్టుకున్నా ఇంకో చోట చిక్కు వస్తోంది. లిస్టును ఫంక్షన్‌కు పంపి లోపల మార్పులు చేసినప్పుడు నా స్నేహితురాలి ప్రోగ్రామ్‌లో బయటి లిస్టు మారింది, నా ప్రోగ్రామ్‌లో మారలేదు. ఇద్దరం పంపింది లిస్టునే. ఏది ఎప్పుడు మారుతుందో ముందుగానే చెప్పగలిగే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం (పాఠం_చెప్పే_పంతులు)

మీ ప్రశ్నలోనే మంచి విషయం ఒకటి ఉంది. మీరు సంఖ్యల ఉదాహరణనూ లిస్టు ఉదాహరణనూ పక్కపక్కన పెట్టారు. ఆ రెండింటినీ ఇంకొంచెం దగ్గరగా చూస్తే అవి ఒకే ప్రయోగం కావని తెలుస్తుంది. మొదటి దానిలో మీ మూడో వరుస కొత్తవి[0] = 35. రెండో దానిలో మూడో వరుస ఫీజు = 650. ఈ రెండు వరుసల్లోనూ సమానం గుర్తు ఉన్నా, అవి చేసే పనులు వేరు. లిస్టు ఉదాహరణలో కూడా మూడో వరుసను ఫీజు వరుసలాగే రాసి చూడండి:

>>> మార్కులు = [28, 61, 33, 74]
>>> కొత్తవి = మార్కులు
>>> కొత్తవి = [35, 61, 35, 74]
>>> మార్కులు
[28, 61, 33, 74]

ఇప్పుడు లిస్టు కూడా సంఖ్యలాగే ప్రవర్తించింది. కాబట్టి రెండు నియమాలు లేవు, ఉన్నది ఒకటే.

ఆ నియమం ఇది. పైథాన్ ముందుగా సమానం గుర్తుకు కుడివైపు ఉన్నదాన్ని లెక్కగట్టి ఒక ఆబ్జెక్టును సంపాదిస్తుంది, ఆ తర్వాత ఎడమవైపు ఉన్న పేరును ఆ ఆబ్జెక్టుకు తగిలిస్తుంది. ఇందులో ఎక్కడా నకలు తీయడం లేదు. మార్కులు = [28, 61, 33, 74] అన్నప్పుడు మెమరీలో ఒక లిస్టు తయారై, దానికి మార్కులు అనే పేరు వచ్చింది. కొత్తవి = మార్కులు అన్నప్పుడు కుడివైపు లెక్కగట్టగా దొరికింది అదే లిస్టు, దానికే కొత్తవి అనే ఇంకో పేరు తగిలింది. ఇంట్లో బుజ్జి అని పిలిచే పిల్లకు బడి హాజరుపట్టీలో వేరే పేరు ఉంటుంది. బుజ్జికి జుట్టు కత్తిరిస్తే హాజరుపట్టీలో పేరున్న పిల్ల జుట్టు కూడా పొట్టిగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఉన్నది ఒక్క పిల్లే. మీ ప్రోగ్రామ్‌లో ఉన్నదీ ఒక్క లిస్టే. కొత్తవి అనే పేరుతో వెళ్లి దాన్ని మార్చారు, మార్కులు అనే పేరుతో వెళ్లి చూశారు.

అందుచేత ఏ వరుసను చూసినా ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వరుస ఒక పేరును ఇంకో ఆబ్జెక్టుకు తగిలిస్తోందా, లేక ఉన్న ఆబ్జెక్టును లోపల మారుస్తోందా? సమానం గుర్తుకు ఎడమవైపు ఉత్త పేరు మాత్రమే ఉంటే అది మొదటి పని. దాని ప్రభావం ఆ ఒక్క పేరు మీదే ఉంటుంది, మిగతా పేర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎడమవైపు పేరు పక్కన చదరపు బ్రాకెట్లు ఉన్నా, అపెండ్, ఇన్సర్ట్, పాప్, సార్ట్ లాంటి మెథడ్‌ను పిలిచినా అది రెండో పని. అప్పుడు ఆ ఆబ్జెక్టును ఏ పేరుతో చూసినా మార్పు కనబడుతుంది.

ఇక సంఖ్యల సంగతి. సంఖ్యల్లో, స్ట్రింగుల్లో, గుండ్రని బ్రాకెట్లలో రాసే టుపుల్స్‌లో రెండో రకం పని చేయడానికి పైథాన్ అసలు దారే ఇవ్వలేదు. 500 అనే ఆబ్జెక్టును లోపలికి వెళ్లి 650గా మార్చే ఆపరేషన్ ఏదీ లేదు. కాబట్టి ఒక సంఖ్యకు పది పేర్లున్నా మీకు ఎప్పుడూ తేడా కనబడదు. పాత_ఫీజు, ఫీజు అనే రెండు పేర్లు కూడా రెండో వరుస తర్వాత ఒకే 500ను చూపుతున్నాయి. మూడో వరుసలో ఫీజు అనే పేరు వేరే ఆబ్జెక్టుకు వెళ్లిపోయింది, అంతే. లిస్టు అంటే పాయింటర్, సంఖ్య అంటే విలువ అనే గుర్తును వదిలేయమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అది మొదటి పరీక్షలో గట్టెక్కిస్తుంది గానీ రెండో చిక్కుముడి దగ్గర, అంటే సరిగ్గా మీరు చెప్పిన ఫంక్షన్ దగ్గర, దారి తప్పిస్తుంది.

ఫంక్షన్‌కు లిస్టును పంపడం కూడా పేరు తగిలించడమే. పిలిచిన క్షణంలో ఫంక్షన్ పారామీటర్ అనే పేరు మీరు పంపిన లిస్టుకు తగులుతుంది. మీ స్నేహితురాలు లోపల జాబితా[0] = 35 లాంటి వరుస రాసి ఉంటారు, అది ఆబ్జెక్టును మార్చే పని కనుక బయట కూడా కనబడింది. మీరు జాబితా = [35, 61, 35, 74] లాంటి వరుస రాసి ఉంటారు, అది ఫంక్షన్ లోపలి పేరును మాత్రమే కొత్త లిస్టుకు తిప్పింది. బయటి పేరు పాత లిస్టు దగ్గరే ఉండిపోయింది. అలా రాసినప్పుడు కొత్త లిస్టును రిటర్న్ చేసి, పిలిచిన చోట దానికి ఒక పేరు పెట్టుకోవాలి.

రెండు పేర్లు ఒకే ఆబ్జెక్టుకు తగిలాయో లేదో చూడడానికి ఈజ్ అనే ఆపరేటర్ ఉంది. మీ రెండో వరుస తర్వాత మార్కులు ఈజ్ కొత్తవి అని అడిగితే ట్రూ వస్తుంది. రెండు సమానం గుర్తులు అడిగే ప్రశ్న వేరు, అవి లోపలి విలువలు సమానమా అని మాత్రమే అడుగుతాయి. (3.0 వెర్షన్ నుంచి పైథాన్‌లో వేరియబుల్ పేర్లను తెలుగులో పెట్టుకోవచ్చు, అందుకే పై వరుసలు షెల్‌లో ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. ఈజ్, ఫర్, ఇన్ లాంటి మాటలనూ పైథాన్‌తో పాటే వచ్చే మెథడ్ల, ఫంక్షన్ల పేర్లనూ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా వాటిని తెలుగులో రాస్తున్నాను.)

మీ ల్యాబ్ పనికి రెండు దారులున్నాయి. నకలు కావాలని పైథాన్‌ను స్పష్టంగా అడగడం ఒకటి:

>>> కొత్తవి = మార్కులు[:]

ఇక్కడ కుడివైపు ఉన్న స్లైస్ ఒక కొత్త లిస్టును తయారుచేస్తుంది. మార్కులు.కాపీ() అన్నా, లిస్ట్(మార్కులు) అన్నా అదే ఫలితం. లిస్టులకు కాపీ మెథడ్ 3.3 వెర్షన్‌లో వచ్చింది కనుక పాత ప్రోగ్రాముల్లో ఎక్కువగా స్లైస్ కనబడుతుంది. రెండో దారి, నాకు నచ్చేది, అసలు దేన్నీ మార్చకుండా కొత్త లిస్టునే నిర్మించడం:

కొత్తవి = [మాక్స్(మా, 35) ఫర్ మా ఇన్ మార్కులు]

మాక్స్ రెండింటిలో పెద్దదాన్ని ఇస్తుంది కాబట్టి 28 ఉన్న చోట 35 వస్తుంది, 61 ఉన్న చోట 61 నిలుస్తుంది. పాత లిస్టు మీద ఒక్క మార్పూ జరగలేదు కనుక అది చెడిపోతుందేమోనన్న ఆలోచనే అక్కర్లేదు.

సమాధానం (జావా_నుంచి_పైథాన్‌కు)

పై వివరణకు నేను జోడించేది సీ నేర్చుకుని వచ్చినవారికి ప్రత్యేకంగా ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. సీ భాషలో వేరియబుల్ అంటే మెమరీలో ఒక చోటు. ఇంట్ రకం వేరియబుల్‌ను ప్రకటించగానే కంపైలర్ దానికి స్థలం కేటాయిస్తుంది, ఒకదాన్ని ఇంకొకదానికి అసైన్ చేస్తే ఒక స్థలంలో ఉన్న బిట్లు రెండో స్థలంలోకి నకలవుతాయి. అక్కడ పేరుకూ స్థలానికీ విడదీయరాని సంబంధం ఉంటుంది. పైథాన్‌లో స్థలం ఆబ్జెక్టుది, రకం కూడా ఆబ్జెక్టుదే. పేరుకు సొంతంగా ఒక రకం లేదు, అందుకే ఇప్పుడు సంఖ్యను చూపిన పేరు మరుక్షణం లిస్టును చూపగలదు. మన కాలేజీల్లో చాలాచోట్ల సీ తర్వాతే పైథాన్ చెబుతారు కనుక, మొదటి వారంలోనే ఈ తేడా ఒక బొమ్మ గీసి చూపిస్తే విద్యార్థులకు ఎంతో శ్రమ తప్పుతుంది.

ఇంకో మాట. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పైథాన్‌లో ఉన్నది కాల్ బై వాల్యూనా (ఫంక్షన్‌కు విలువ నకలు వెళ్లడం), కాల్ బై రిఫరెన్సా (బయటి వేరియబులే వెళ్లడం) అని అడుగుతుంటారు, చాలామంది లిస్టులకు రిఫరెన్స్ అని, సంఖ్యలకు వాల్యూ అని జవాబిస్తారు. ఆ జవాబు తప్పని తేల్చడానికి ఒక పరీక్ష చాలు. రెండు పారామీటర్లు తీసుకుని లోపల ఈ ఒక్క వరుస మాత్రమే ఉన్న ఫంక్షన్ రాయండి:

మొదటిది, రెండోది = రెండోది, మొదటిది

దానికి రెండు లిస్టులను పంపండి. నిజంగా కాల్ బై రిఫరెన్స్ అయితే, అంటే సీ ప్లస్ ప్లస్‌లోని రిఫరెన్స్ పారామీటర్ల లాంటిదైతే, బయటి పేర్లు రెండూ తారుమారు కావాలి. పైథాన్‌లో అవి కదలవు, ఎందుకంటే ఫంక్షన్ లోపలి పేర్లు మాత్రమే అటూ ఇటూ అయ్యాయి. అలాగని కాల్ బై వాల్యూ అందామంటే లోపల చేసిన అపెండ్ బయట కనబడుతోంది. ఈ పద్ధతిని కాల్ బై షేరింగ్ అంటారు. 1970ల్లో ఎమ్ఐటీలో బార్బరా లిస్కోవ్, ఆమె బృందం రూపొందించిన క్లూ భాషతో ఈ పేరు వచ్చింది. పిలిచినవారూ పిలవబడిన ఫంక్షనూ ఒకే ఆబ్జెక్టును పంచుకుంటారు, పేర్లను మాత్రం పంచుకోరు.

జావాలో ఇంట్, డబుల్ లాంటి ప్రాథమిక రకాలకు నిజంగానే వేరే పద్ధతి ఉంది, వాటి విలువే నకలవుతుంది. అర్రేలకూ మిగతా ఆబ్జెక్టులకూ పైథాన్‌లో చూసినట్టే జరుగుతుంది. జావాస్క్రిప్ట్ అర్రేలు కూడా అంతే. పీహెచ్‌పీ అర్రేలను, స్విఫ్ట్ అర్రేలను అసైన్ చేస్తే మాత్రం మీరు మొదట ఆశించినట్టు విడి నకలే వచ్చినట్టు ప్రవర్తిస్తాయి. కాబట్టి మీ ఊహలో అసంబద్ధత ఏమీ లేదు, అది వేరే భాషల్లో ఉన్న నియమం. పైథాన్ ఈ దారి ఎందుకు ఎంచుకుందో తెలియాలంటే ఖర్చు లెక్కవేయండి. 10 లక్షల అంశాలున్న లిస్టులో, 64 బిట్ల యంత్రం మీద, ఒక్కో అంశాన్ని చూపే రిఫరెన్స్‌కే 8 బైట్లు కావాలి. ఫంక్షన్‌కు పంపిన ప్రతిసారీ నకలు తీస్తే 80 లక్షల బైట్లు ప్రతిసారీ కదలాలి. పేరు తగిలించడానికైతే లిస్టు ఎంత పెద్దదైనా పట్టే సమయం ఒక్కటే.

ప్రశ్న అడిగినవారు (రెండో_సెమిస్టర్)

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫంక్షన్ విషయంలో పంతులు గారు ఊహించింది నిజమే, స్నేహితురాలు చదరపు బ్రాకెట్లతో మార్చింది, నేను పేరును కొత్త లిస్టుకు తిప్పాను. స్లైస్‌తో ల్యాబ్ పని పూర్తయింది. దాన్నే రెండు సెక్షన్లకు విస్తరించి, లిస్టులో లిస్టులు పెట్టాను. ఈసారి నకలు తీసిన తర్వాతే మార్చాను, అయినా ఫలితం ఇలా వచ్చింది:

>>> తరగతి = [[28, 61], [33, 74]]
>>> నకలు = తరగతి[:]
>>> నకలు[0][0] = 35
>>> తరగతి
[[35, 61], [33, 74]]

తరగతి ఈజ్ నకలు అని అడిగితే ఫాల్స్ వస్తోంది, అంటే అవి రెండు వేర్వేరు లిస్టులేనని అర్థం కదా. మరి మార్పు ఇక్కడికి ఎలా పాకింది? ఖాళీ పట్టికతో మొదలుపెడదామని ఇంకో ప్రయత్నం కూడా చేశాను, అక్కడ ఒక్క గడిలో రాస్తే రెండు వరుసల్లోనూ పడింది:

>>> పట్టిక = [[0] * 3] * 2
>>> పట్టిక[0][1] = 7
>>> పట్టిక
[[0, 7, 0], [0, 7, 0]]

సమాధానం (డేటా_పని)

లిస్టు లోపల అంశాలు ఉంటాయని మనం మాటవరసకు అంటాం గానీ, లిస్టు లోపల నిజానికి ఉండేవి గడులు. ఒక్కో గడి, పేరులాగే, బయట ఎక్కడో ఉన్న ఆబ్జెక్టును చూపుతుంది. పేరుకు వర్తించిన నియమమంతా గడికి కూడా వర్తిస్తుందని ఒక్కసారి అంగీకరిస్తే మీ రెండు ఉదాహరణలూ విడిపోతాయి.

తరగతి[:] అన్నప్పుడు రెండు గడులున్న కొత్త లిస్టు తయారైంది. ఆ గడుల్లోకి వచ్చినవి పాత గడులు చూపుతున్న అవే రెండు లోపలి లిస్టులు. మొత్తం లెక్కపెడితే మెమరీలో మొదట ఉన్నవి మూడు లిస్టులు: తరగతి అనే బయటి లిస్టు, రెండు లోపలి లిస్టులు. స్లైస్ తర్వాత నాలుగయ్యాయి, ఆ నాలుగోది నకలు అనే బయటి లిస్టు. లోపలివి ఇప్పటికీ రెండే. నకలు[0][0] = 35 అన్న వరుసను ఎడమ నుంచి చదవండి. నకలు[0] వరకు చదవగానే మీరు ఉమ్మడిగా ఉన్న లోపలి లిస్టు దగ్గరకు చేరిపోయారు. ఆపైన ఉన్న [0] = 35 దాన్ని మార్చింది. అదే నకలు[0] = [35, 61] అని రాసి ఉంటే నకలు లిస్టులోని గడి మాత్రమే కొత్త లిస్టుకు తిరిగేది, తరగతి చెక్కుచెదిరేది కాదు. షెల్‌లో తరగతి[0] ఈజ్ నకలు[0] అని అడిగి చూడండి, ట్రూ వస్తుంది. మీరు బయటి లిస్టుల గురించి అడిగిన ప్రశ్న సరైనదే, దాన్ని ఒక అంతస్తు కిందికి దిగి అడగాలి.

ఇలా పైపొరను మాత్రమే నకలు తీయడాన్ని షాలో కాపీ అంటారు. స్లైస్, కాపీ మెథడ్, లిస్ట్ ఫంక్షన్ మూడూ ఇదే చేస్తాయి. లోపలి పొరలన్నీ విడిగా కావాలంటే కాపీ మాడ్యూల్‌లో డీప్‌కాపీ అనే ఫంక్షన్ ఉంది. చిక్కు వచ్చినప్పుడల్లా డీప్‌కాపీ వాడేయడం మంచి అలవాటని నేను అనుకోను. అది లోపల ఉన్న ప్రతి ఆబ్జెక్టు వెంటా నడుస్తూ పోతుంది కనుక పెద్ద డేటా మీద నెమ్మదిగా ఉంటుంది, పైగా పంచుకోవాలనే ఉద్దేశంతో పెట్టిన ఆబ్జెక్టులను కూడా విడగొట్టేస్తుంది. మీ పట్టికలో రెండే పొరలు ఉన్నాయి కాబట్టి [వరుస[:] ఫర్ వరుస ఇన్ తరగతి] అని రాస్తే సరిపోతుంది. ఏ పొర దాకా నకలు కావాలో చదివేవారికి కూడా కనబడుతుంది.

రెండో ఉదాహరణలో గుణకారం గుర్తు కొత్త లిస్టులను తయారుచేస్తుందని అనిపిస్తుంది. కానీ అది గడులను మాత్రమే పెంచుతుంది, ఆ గడులన్నీ మొదట ఇచ్చిన ఆబ్జెక్టునే చూపుతాయి. [0] * 3 తో ఎప్పుడూ ప్రమాదం రాదు, ఎందుకంటే మూడు గడులూ ఒకే సున్నాను చూపుతున్నా ఆ సున్నాను లోపల మార్చే దారి లేదు. గడికి కొత్త విలువ ఇస్తే ఆ గడి ఒక్కటే తిరుగుతుంది. దాని చుట్టూ ఉన్న రెండో గుణకారం మాత్రం ఒకే వరుసను రెండు గడుల్లో ఉంచింది, ఆ వరుస మార్చదగిన ఆబ్జెక్టు. కనుక పట్టికలో రెండు వరుసలు కనబడుతున్నా ఉన్నది ఒక్క వరుసే. ఇలా రాయండి:

పట్టిక = [[0] * 3 ఫర్ _ ఇన్ రేంజ్(2)]

ఇక్కడ ఫర్ తిరిగిన ప్రతిసారీ [0] * 3 అనే భాగం మళ్లీ లెక్కగట్టబడుతుంది, కాబట్టి ప్రతిసారీ కొత్త లిస్టు పుడుతుంది. లిస్టు ఎప్పుడు పుడుతుందన్న ఈ ప్రశ్నే ఫంక్షన్ల డిఫాల్ట్ విలువల్లోనూ ఎదురవుతుంది. పారామీటర్‌కు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు ఇస్తే, ఫంక్షన్‌ను నిర్వచించే డెఫ్ వరుస నడిచినప్పుడు ఒకే ఒక్కసారి ఆ లిస్టు పుడుతుంది. ఆ పారామీటర్ ఇవ్వకుండా పిలిచిన ప్రతిసారీ అదే లిస్టు వస్తుంది, ముందుసారి అపెండ్ చేసినవి అందులోనే ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవారు డిఫాల్ట్‌గా నన్ (ఏమీ లేదని చెప్పే ప్రత్యేక విలువ) ఇచ్చి, ఫంక్షన్ లోపల నన్ అయితే కొత్త లిస్టును తయారుచేసుకుంటారు.

సమాధానం (పాఠం_చెప్పే_పంతులు)

పై వివరణ చక్కగా ఉంది. ఎడమవైపు ఉత్త పేరు ఉంటే అది పేరు తగిలించడమేనని నేను పైన చెప్పినదానికి ఒక ముఖ్యమైన చేర్పు ఉంది, అది చెప్పకుండా వదిలితే విద్యార్థులకు అన్యాయం జరుగుతుంది. ప్లస్, సమానం కలిపి రాసే గుర్తు దగ్గర ఆ మాట సగమే నిజం. ఈ రెండింటినీ విడివిడిగా షెల్‌లో నడపండి:

>>> మార్కులు = [28, 61]
>>> కొత్తవి = మార్కులు
>>> కొత్తవి = కొత్తవి + [40]
>>> మార్కులు
[28, 61]

>>> మార్కులు = [28, 61]
>>> కొత్తవి = మార్కులు
>>> కొత్తవి += [40]
>>> మార్కులు
[28, 61, 40]

మొదటి దానిలో కూడిక ఒక కొత్త లిస్టును ఇచ్చింది, పేరు దానికి తిరిగింది. రెండో దానిలో పైథాన్ ముందుగా లిస్టును, నీకు నువ్వు ఉన్నచోటే పెరగగలవా అని అడుగుతుంది. లిస్టు పెరగగలదు కనుక ఉన్న లిస్టే పెరిగింది. ఆ తర్వాత ఆ లిస్టునే మళ్లీ ఆ పేరుకు తగిలించింది. అంటే += లో మార్చడం, తగిలించడం రెండూ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. సంఖ్యలు, స్ట్రింగులు ఉన్నచోట మారలేవు కనుక వాటికి += అంటే మామూలు కూడికే, తర్వాత పేరు తిప్పడమే.

ఈ రెండు అంచెలూ నిజంగా ఉన్నాయని కళ్లారా చూపించే ఉదాహరణ ఒకటి ఉంది. టుపుల్‌లో లిస్టులు పెట్టి ప్రయత్నించండి:

>>> జత = ([28, 61], [33, 74])
>>> జత[0] += [40]

టైప్‌ఎర్రర్ వస్తుంది, టుపుల్ అంశానికి అసైన్‌మెంట్ చెల్లదని చెబుతుంది. ఆ తర్వాత జతను అడగండి:

>>> జత
([28, 61, 40], [33, 74])

ఎర్రర్ వచ్చింది, మార్పు కూడా జరిగింది. మొదటి అంచెలో లోపలి లిస్టు 40ని చేర్చుకుంది, అందులో ఏ అడ్డంకీ లేదు. రెండో అంచెలో ఆ లిస్టును తిరిగి టుపుల్ గడికి తగిలించబోతే టుపుల్ ఒప్పుకోలేదు. టుపుల్ మారదు అన్న మాటకు అర్థం దాని గడులు వేరే ఆబ్జెక్టుల వైపు తిరగవని మాత్రమే. ఆ గడులు చూపే ఆబ్జెక్టు లిస్టు అయితే అది మారుతూనే ఉంటుంది. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణను తప్పకుండా పెడతాను, ఎందుకంటే ఇది అర్థమైనవారు ఈ విషయంలో ఇంక దేన్నీ బట్టీ పట్టనక్కర్లేదు.

ఈజ్ గురించి ఒక జాగ్రత్త. దాన్ని లిస్టుల మీద వాడండి, సంఖ్యల మీద వాడి నిర్ణయాలకు రావద్దు. మనం సాధారణంగా వాడే సీపైథాన్ (సీ భాషలో రాసిన పైథాన్ అమలు) వెర్షన్లలో -5 నుంచి 256 వరకు సంఖ్యలను ముందే తయారుచేసి ఉంచుతారు. కాబట్టి వేర్వేరు వరుసల్లో రెండు పేర్లకు 256 ఇచ్చి ఈజ్‌తో అడిగితే ట్రూ వస్తుంది, పెద్ద సంఖ్య ఇస్తే ఫాల్స్ రావచ్చు. ఇది ఆ అమలులోని పొదుపు ఏర్పాటు మాత్రమే, భాష ఇచ్చిన హామీ కాదు.

ప్రశ్న అడిగినవారు (రెండో_సెమిస్టర్)

టుపుల్ ఉదాహరణ నడిపి చూశాను, సరిగ్గా మీరు చెప్పినట్టే వచ్చింది. చివరిగా ఒక్క సందేహం. ఫర్ మార్కు ఇన్ మార్కులు అని లూప్ రాసి, లోపల మార్కు = మార్కు + 5 అని పెట్టాను. లూప్ అయ్యాక చూస్తే లిస్టులో ఏ సంఖ్యా పెరగలేదు. ఇప్పటిదాకా చదివినదాన్ని బట్టి ఇది పేరును తిప్పడమే అనిపిస్తోంది. ఆ ఆలోచన సరైనదేనా?

సమాధానం (డేటా_పని)

సరైనదే. లూప్ తిరిగిన ప్రతిసారీ మార్కు అనే పేరును పైథాన్ లిస్టులోని తర్వాతి గడి చూపే ఆబ్జెక్టుకు తగిలిస్తుంది. మీ వరుస ఆ పేరును 5 ఎక్కువైన కొత్త సంఖ్యకు తిప్పుతుంది, లిస్టు గడికి ఆ సంగతే తెలియదు. మరుసటి తిరుగుడులో పేరు మళ్లీ ఇంకో గడి ఆబ్జెక్టుకు వెళ్లిపోతుంది. లిస్టే మారాలంటే గడిని ఎడమవైపు రాయాలి: ఫర్ స్థానం, మార్కు ఇన్ ఎన్యూమరేట్(మార్కులు) అని లూప్ పెట్టి, లోపల మార్కులు[స్థానం] = మార్కు + 5 అనండి.

మార్కు += 5 అని రాసినా ఫలితంలో తేడా ఉండదు, సంఖ్య ఉన్నచోట పెరగలేదు కనుక. మీ తరగతి లిస్టు మీద మాత్రం ఫర్ వరుస ఇన్ తరగతి అని లూప్ రాసి, లోపల వరుస += [0] అని పెడితే అసలు లిస్టులోని ప్రతి వరుసకూ చివర ఒక సున్నా చేరుతుంది. అదే లూప్‌లో వరుస = వరుస + [0] అని రాస్తే ఒక్కటీ చేరదు. రెండింటినీ నడిపి, ప్రతి అంచెలో ఏ పేరు ఏ లిస్టును చూపుతోందో కాగితం మీద బాణాలు గీసుకోండి.